ఎదుట లేనివాడి ఆజ్ఞ

తెలుగులో శాసనం అనే మాట ఆజ్ఞకూ పేరే, ఆ ఆజ్ఞను చెక్కిన రాతికీ పేరే. ఆజ్ఞ ఇచ్చినవాడు పోయినా ఆజ్ఞ పోకూడదన్న కోరిక ఈ రెండర్థాలనూ ఒక్క మాటలో కట్టి ఉంచింది. నల్లగొండ పట్టణానికి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న పానగల్‌లో ఆ కోరిక నేటికీ కళ్లకు కడుతుంది. 11, 12 శతాబ్దాల్లో కల్యాణి చాళుక్యులకు సామంతులుగా ఈ ప్రాంతాన్ని ఏలిన కందూరు చోడుల కాలం నాటి ఛాయా సోమేశ్వరాలయమూ, పచ్చల సోమేశ్వరాలయమూ, ఉదయసముద్రమనే పెద్ద చెరువూ ఇక్కడ నిలిచి ఉన్నాయి. కందూరు చోడుల తరువాత కాకతీయులు వచ్చారు, వారూ పోయారు, రాతి మీది అక్షరాలు మిగిలాయి. ఆ కాలపు దానశాసనాలు సాధారణంగా స్వస్తి అని మొదలై, రాజు బిరుదులు చెప్పి, శక సంవత్సరం, మాసం, తిథి చెప్పి, ఏ దేవుడికి ఏ పొలం ఏ హద్దులతో ఇచ్చారో చెప్పి, ఆ దానాన్ని హరించినవాడు అరవై వేల ఏళ్లు పురుగై పుడతాడన్న శాపంతో సాగి, మంగళ మహాశ్రీ అని ముగుస్తాయి. ఎక్కడ మొదలో, ఎవరికి ఏమి చెయ్యాలో, ఎక్కడ చివరో ముందే కుదిరిన వరస అది. అందులోని ఆజ్ఞ ముఖ్యంగా ఇంకా పుట్టని రాజులకు ఇచ్చినది కాబట్టి, ఆ ఆజ్ఞ అందిందన్న జవాబు దాత చెవిన పడే అవకాశం ఎన్నడూ లేదు.

ఎదుట లేనివాడు ఇచ్చిన ఆజ్ఞకు పాలించే బలం ఎక్కడి నుంచి వస్తుంది? పలికినవాడి నుంచా, పలికిన మాట నుంచా, విన్నవాడి సంసిద్ధత నుంచా? వేదానికి కర్త లేడని నమ్ముతూనే వేదవిధిని మాత్రం తప్పక పాటించాలని చెప్పిన మీమాంసకులకు ఈ ప్రశ్న ప్రాణసమస్య. ఎవరూ ఇవ్వని ఆజ్ఞ ఆజ్ఞ ఎలా అవుతుందో చెప్పలేకపోతే వారి దర్శనమే కూలిపోతుంది. ఇదే ప్రశ్న చాలా చిన్న రూపంలో, భక్తి గానీ భయం గానీ ఏమాత్రం లేకుండా, ఒక యంత్రంలో పరీక్షకు నిలుస్తున్నది. పాట వినిపించే యాంప్లిఫయర్‌కు దూరం నుంచి ఒక సన్నని తీగ మీదుగా అక్షరాలు పంపి, దాన్ని వెలిగించి, ఆర్పి, హెచ్చించి, తగ్గించే పద్ధతి అది. దానికి సీరియల్ ప్రోటోకాల్ అని పేరు. సీరియల్ అంటే ఒకదాని వెనక ఒకటిగా వచ్చేది, ప్రోటోకాల్ అంటే ఇరువైపులా ముందే ఒప్పుకున్న మాట తీరు. యంత్రం తత్త్వవేత్త కాదు, కాబట్టి అది ఏ పక్షాన్నీ గెలిపించదు; పక్షాలు ఎక్కడ విడిపోతాయో మాత్రం స్పష్టంగా చూపిస్తుంది.

ముందుగా యాంప్లిఫయర్ గురించి ఒక అపోహ తొలగించుకోవాలి. అది చిన్న శబ్దాన్ని పట్టుకొని సాగదీసి పెద్దది చెయ్యదు. ఉదయసముద్రం లాంటి చెరువులో తూము చేసే పని వంటిదే దాని పనీ. చెరువులో నిండుగా నీరుంటుంది, కట్ట దాన్ని ఆపి ఉంచుతుంది, నీరటికాడు తూమును కాస్త ఎత్తితే పొలాల వైపు ఏరు పారుతుంది; ఆ పారే బలం నీరటికాడి చేతిది కాదు, చెరువుది. యాంప్లిఫయర్‌లో కరెంటు చెరువు ఒకటి ఉంటుంది, మైకు నుంచి వచ్చే బలహీనమైన అల ట్రాన్సిస్టర్ అనే తూమును క్షణక్షణానికీ కొద్ది కొద్దిగా ఎత్తుతూ దించుతూ ఉంటుంది, ఆ కదలిక రూపంలోనే పెద్ద కరెంటు స్పీకర్‌లోకి పారుతుంది. ట్రాన్సిస్టర్ రాకముందు ఆ పని చేసిన గాజు బుడ్డీలకు ఇంగ్లండులో వాల్వు, అంటే తూము తలుపు, అన్న పేరే నిలిచింది. అందుచేత యాంప్లిఫయర్‌ను దూరం నుంచి నడిపే ఆజ్ఞ మరీ విచిత్రమైనది: తూము ఎత్తేవాడికి ఎంత ఎత్తాలో చెప్పే కబురు అది. కబురులో నీరూ లేదు, చేతి బలమూ లేదు. మీమాంసకులు విధివాక్యం గురించి చెప్పినది సరిగ్గా ఇదే. విధి ప్రేరేపిస్తుంది, అంతే. యాగానికి కావలసిన నెయ్యి, కట్టెలు, శ్రమ అన్నీ యజమానివే.

ఆ కబురు నడిచే తీగకు బాగా తెలిసిన ప్రమాణం ఆర్‌ఎస్-232. అమెరికాలో 1960లో మొదట వెలువడిన ఈ ప్రమాణం టెలిప్రింటర్లను మోడెములకు కలపడానికి పుట్టి, తరువాత యాంప్లిఫయర్లు, ప్రొజెక్టర్లు, తూకపు యంత్రాల వెనక భాగాల్లో స్థిరపడింది. ఒక తీగ మీద వోల్టేజి రుణంగా ఉంటే ఒకటి, ధనంగా ఉంటే సున్నా. ఈ ఒకట్లూ సున్నాలనే బిట్లు అంటారు. ప్రతి అక్షరానికి ఒక సంఖ్య ఉంటుంది. 1963లో వచ్చిన ఆస్కీ పట్టిక ప్రకారం ఇంగ్లీషు ఎం అక్షరం 77. ఆ 77ను ఒకట్లూ సున్నాలుగా విడగొట్టి, చిన్న స్థానం నుంచి మొదలుపెట్టి, ఒక్కొక్కటిగా తీగ మీదికి వదులుతారు. అక్షరం మొదలైందని చెప్పే ఒక బిట్టు ముందు, ముగిసిందని చెప్పే ఒక బిట్టు వెనక ఉంటాయి. సెకనుకు 9600 బిట్ల వేగం పెట్టుకుంటే ఒక్కో బిట్టు తీగ మీద ఉండేది సెకనులో పది వేలో వంతుకు కాస్త ఎక్కువ కాలం మాత్రమే. రెండో బిట్టు వచ్చేసరికి మొదటిది తీగ మీద ఉండదు.

ఇక్కడే భారతీయ భాషాతత్త్వంలోని అతి పాత చిక్కు ఒకటి తల ఎత్తుతుంది. గౌః అన్న మాటలో గకారం పలికేటప్పుడు ఔకారం పుట్టలేదు, విసర్గ పలికేసరికి గకారం నశించింది. మూడు వర్ణాలూ ఏ క్షణంలోనూ కలిసి లేవు, అయినా విన్నవాడికి ఆవు తెలుస్తుంది. కలిసి ఎన్నడూ ఉండనివి కలిసి అర్థం ఎలా చెప్తాయి? వాక్యపదీయం రాసిన భర్తృహరి, ఆయన దారిలో నడిచిన వైయాకరణులు, వర్ణాల వెనక అఖండమైన శబ్దతత్త్వం ఒకటి ఉందని, వరసగా వచ్చే ధ్వనులు దాన్ని వెలిగించేవి మాత్రమేనని చెప్పి దానికి స్ఫోటం అని పేరు పెట్టారు. మీమాంసకులు దాన్ని ఒప్పుకోలేదు. శబరస్వామి భాష్యం, ఆ తరువాత కుమారిలభట్టు శ్లోకవార్తికం, పోయిన వర్ణాలు వినేవాడిలో సంస్కారాలను, అంటే ముద్రలను, విడిచి పోతాయని, ఆ ముద్రలతో కూడిన చివరి వర్ణమే అర్థాన్ని చెప్తుందని వాదించాయి. సీరియల్ తీగకు అవతలి కొసన ఉండే చిప్పును చూస్తే శబరస్వామి పక్షం లోహంలో పోతపోసినట్టు కనిపిస్తుంది. వచ్చిన ప్రతి బిట్టూ ఒక చిన్న గదుల వరసలోకి చేరుతుంది, తరువాతిది రాగానే ముందుది పక్క గదిలోకి జరుగుతుంది, చివరి బిట్టు చేరినప్పుడు ఎనిమిది గదులూ కలిపి ఒక అక్షరంగా చదవబడతాయి. తీగ మీద ఎప్పుడూ కలిసి లేనివి వినేవాడిలో కలిశాయి. స్ఫోటవాది మాత్రం ఇంతటితో ఓడిపోడు. గదుల్లోని ఎనిమిది బిట్లనూ ఒక్కటిగా చూసి ఇది ఎం అని పోల్చుకునే దృష్టి గదుల్లో ఎక్కడుందని అడుగుతాడు, ఆ ప్రశ్నకు చిప్పు తయారుచేసినవాడు కూడా పట్టికను చూపించడం తప్ప జవాబు చెప్పలేడు.

అక్షరాలు మాటలయ్యే చోట ఈ సామ్యం ఇంకా బిగుస్తుంది. డెనాన్ కంపెనీ రిసీవర్లకు, అంటే రేడియో, యాంప్లిఫయర్ కలిసిన పెట్టెలకు, ఎంవీ అన్న రెండక్షరాలు ధ్వని ముఖ్యస్థాయిని సూచిస్తాయి. వాటి వెనక 50 అని పంపి, చివర వరస ముగిసిందని చెప్పే క్యారేజ్ రిటర్న్ అనే కనబడని అక్షరం పంపితే స్థాయి 50 అవుతుంది. తమాషా ఏమిటంటే ఎంవీ505 అని పంపితే అది ఐదువందల ఐదు కాదు, యాభైన్నర. కాబట్టి ఎంవీ50 దాకా విన్న యంత్రానికి ఆజ్ఞ పూర్తయిందో ఇంకా ఉందో తెలియదు, ముగింపు అక్షరం వచ్చిన తరువాతనే అప్పటిదాకా వచ్చినదానికి అర్థం స్థిరపడుతుంది. తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు, తెలుగువాడని పండితులు చెప్పుకునే ఆ పదిహేడో శతాబ్దపు నైయాయికుడు, అంటే న్యాయదర్శనాన్ని అనుసరించేవాడు, వాక్యం అర్థం కావడానికి మూడు కావాలన్నాడు. ఒక మాట మరో మాట కోసం ఎదురుచూడడం ఆకాంక్ష. అర్థాల మధ్య విరోధం లేకపోవడం యోగ్యత. మాటలు ఆలస్యం లేకుండా దగ్గరదగ్గరగా రావడం సన్నిధి. నిప్పుతో తడపమనడంలో యోగ్యత లేదు, జాముకొక మాట చొప్పున పలికిన వాక్యంలో సన్నిధి లేదు. ఎంవీ అని పంపి ఊరుకుంటే ఆకాంక్ష తీరలేదు; హద్దు దాటిన సంఖ్య పంపితే యోగ్యత లేదు; అక్షరాల మధ్య మరీ ఎడం వస్తే చాలా ప్రోటోకాళ్లలో సన్నిధి తప్పి, అప్పటిదాకా వచ్చినది చెత్తబుట్టలో పడుతుంది. నాలుగు వందల ఏళ్ల నాడు విద్యార్థుల కోసం రాసిన చిన్న పుస్తకంలోని మూడు నియమాలు ఒక విదేశీ కంపెనీ సూచన పుస్తకంలో ఇంచుమించు అలాగే ఉండటం కేవలం కాకతాళీయం కాదు. వరసలో వచ్చేది ఏదైనా, నోటి నుంచి వచ్చినా తీగ నుంచి వచ్చినా, ఈ మూడు లేకుండా నిలబడలేదు.

ఇప్పుడు ఆజ్ఞ సంగతి. లోకంలో ఒకడు ఆవును తోలుకురమ్మంటే, ఇతడు తెస్తే బాగుండునన్న ఉద్దేశం చెప్పినవాడి మనసులో ఉంటుంది. వేదంలో చెప్పినవాడే లేడు కాబట్టి ఆ ప్రేరణ క్రియాపదంలోని విధిప్రత్యయంలోనే, అంటే చెయ్యాలి అన్న అర్థం ఇచ్చే చివరి భాగంలోనే ఉందని కుమారిలుడి మతం. దీనికి శాబ్దీభావన అని పేరు. దాని వల్ల కర్తలో పుట్టే ప్రయత్నం ఆర్థీభావన. యాంప్లిఫయర్ విషయంలో శాబ్దీభావన అక్షరాలా నిజం. ఆర్‌ఎస్-232 తీగ మీద పంపినవాడి పేరు ఉండదు, వాడి హక్కును అడిగే పద్ధతి ఉండదు, తీగ కొసను ఎవరు పట్టుకుంటే వారి మాటే చెల్లుతుంది. పంపినది మనిషా, గంట కొట్టినట్టు సమయానికి పంపే కంప్యూటరా అన్నది యంత్రానికి పట్టదు. మీమాంసాశాస్త్రంలో అధికారమంటే కర్మ చెయ్యడానికి అర్హత ఎవరిదన్న విచారణే తప్ప ఆజ్ఞాపించడానికి అర్హత ఎవరిదన్న విచారణ లేదు. కర్త లేని ఆజ్ఞను నమ్మిన శాస్త్రం మరో రకంగా ఉండలేదు కూడా. అయితే నైయాయికుడు ఇక్కడ అడ్డుపడతాడు. మాటకూ అర్థానికీ సంబంధం సహజం కాదని, ఈ మాటకు ఈ అర్థం అని ఒకరు నిర్ణయించిన సంకేతమని, మొదటి సంకేతం ఈశ్వరుడిదని అతడి వాదం. అతడి వైపు కూడా సాక్ష్యం బలంగానే ఉంది. 77 అనే సంఖ్యలో ధ్వని స్థాయి అన్న అర్థం ఏ కోశానా లేదు. ఒంకియో కంపెనీ యంత్రాలు ఆశ్చర్యార్థకం గుర్తుతో మొదలయ్యే వేరే మాటలు వింటాయి, ఒకరి ఆజ్ఞ ఇంకొకరికి రొద. ఎవరో ఒక గదిలో కూర్చొని ఈ మాటకు ఇది అర్థమని రాయకపోతే ఏ పెట్టే పలకదు. అందుచేత ఆజ్ఞ పుట్టుకలో న్యాయమతమూ నడకలో మీమాంసామతమూ ఒప్పనిపిస్తుంది. రాసినవాడు కావాలి, కానీ పాటించే వేళ వాడు అక్కర్లేదు. పానగల్ శాసనాల సంగతీ ఇంతే.

మీమాంసకుల్లోనే ప్రభాకరుడు ఇంకో అడుగు ముందుకు వేశాడు. కర్మ చేసేది ఫలం కోసం కాదు, ఇది నేను చెయ్యవలసినది అన్న ఎరుక వల్లనే అని, ఆ చెయ్యవలసినదానికి నియోగం అని పేరు పెట్టాడు. ఫలం కోరకుండా ఆజ్ఞను పాటించడంలో యంత్రాన్ని మించిన ప్రాభాకరుడు లేడని నవ్వులాటకు అనవచ్చు గానీ, ఇది నాది అన్న ఎరుక దానికి ఎక్కడిది? ఆ ఎరుకకు పల్చని పోలిక ఒకటి మాత్రం ఉంది. 1983లో వచ్చిన ఆర్‌ఎస్-485 ప్రమాణంలో ఒకే జత తీగల మీద 32 యంత్రాల దాకా వేలాడవచ్చు, తీగ ఇంచుమించు 1200 మీటర్ల దాకా పోవచ్చు. అందుచేత ప్రతి యంత్రానికీ ఒక సంఖ్య చిరునామాగా ఇస్తారు. ప్రతి ఆజ్ఞనూ అన్ని యంత్రాలూ వింటాయి, తన సంఖ్య ఉన్నది మాత్రమే కదులుతుంది. 1979లో పుట్టి ఫ్యాక్టరీల్లో నేటికీ నడుస్తున్న మోడ్‌బస్ అనే ప్రోటోకాల్‌లో 1 నుంచి 247 దాకా చిరునామాలు ఒక్కొక్కరివి, సున్నా అందరిదీ. సున్నాకు పంపిన ఆజ్ఞను అందరూ పాటించాలి, ఎవరూ జవాబు చెప్పకూడదు. అందరూ ఒక్కసారి బదులు పలికితే తీగ మీద మాటలు కలగాపులగం అవుతాయి కాబట్టి ఆ నియమం. దానశాసనం చివరి శాపం, ఏ ఒక్క రాజు పేరూ లేకుండా రాబోయే అందరికీ చెప్పినది, సున్నా చిరునామాకు పంపిన మాట.

ఆజ్ఞ రెండుసార్లు అందితే ఏమవుతుందన్న సందేహం చిన్నదిగా కనిపించినా చాలా లోతైనది. జవాబు దారిలో పోయిందనుకొని పంపినవాడు మళ్లీ పంపుతాడు, నిజానికి మొదటిది కూడా అందే ఉంటుంది. స్థాయి 50 చెయ్యి అన్న ఆజ్ఞ పదిసార్లు అందినా స్థాయి 50 దగ్గరే ఉంటుంది. ఒక మెట్టు పెంచు అన్న ఆజ్ఞ పదిసార్లు అందితే పది మెట్లు పెరుగుతుంది, గోడలు అదురుతాయి. మీమాంసకు మూలమైన జైమిని సూత్రాల రెండో అధ్యాయం ఈ విషయానికే వెచ్చించినట్టు ఉంటుంది. దర్శపూర్ణమాస యాగప్రకరణంలో యజిస్తాడు అన్న క్రియ ఐదుసార్లు వస్తే అది ఒకే కర్మను ఐదుసార్లు చెప్పడమా, ఐదు వేరు కర్మలను విధించడమా అన్న చర్చ చేసి, ఊరికే తిరిగి చెప్పడం వ్యర్థం కాబట్టి ప్రయాజాలనే ఐదు వేరు కర్మలు ఉన్నాయని నిర్ణయించారు. ఆవృత్తి కర్మభేదానికి గుర్తు. ఇంజనీరు దీనికి ఎదురు పక్షం. దూరపు ఆజ్ఞను మళ్లీ చెప్పినా కొత్త కర్మ పుట్టని విధంగా మాటను కట్టమంటాడు. ఇద్దరి మధ్య తేడా నమ్మకంలో ఉంది. వేదం దారిలో పోదని మీమాంసకుడి నమ్మకం, తీగ ఎప్పుడో ఒకప్పుడు మోసం చేస్తుందని ఇంజనీరు నమ్మకం.

అయితే వేదం కూడా దారిలో పోకుండా కాపాడుకోవలసినదే అని పాఠకులకు, అంటే వల్లించేవారికి, తెలుసు. తెలుగునాట ఎక్కువగా వినిపించే కృష్ణయజుర్వేదం తైత్తిరీయశాఖలో ఘనపాఠి అనిపించుకోవాలంటే ప్రతి మాటనూ ముందువెనకల మాటలతో అల్లి చెప్పాలి. క్రమపాఠంలో ఒకటి రెండు, రెండు మూడు, మూడు నాలుగు అని జంటలుగా. జటలో ఒకటి రెండు, రెండు ఒకటి, ఒకటి రెండు అని. ఘనలో ఒకటి రెండు, రెండు ఒకటి, ఒకటి రెండు మూడు, మూడు రెండు ఒకటి, ఒకటి రెండు మూడు అని సాగుతుంది. ఒక మాట జారినా, స్వరం మారినా అల్లికలో ముడి తప్పుతుంది, వినే గురువుకు వెంటనే తెలుస్తుంది. తీగ మీద ఈ పని చేసేది పారిటీ అనే అదనపు బిట్టు. అక్షరంలోని ఒకట్ల మొత్తం సరిసంఖ్య కావాలనో బేసి కావాలనో ముందే ఒప్పుకొని, ఆ లెక్క కుదిరేలా ఒక బిట్టు కలుపుతారు. ఒక్క బిట్టు తారుమారైతే లెక్క తప్పి దొంగ దొరుకుతాడు, రెండు తారుమారైతే దొరకడు. ఘనపాఠంతో పోలిస్తే ఇది బీదకాపలా.

యాంప్లిఫయర్ గుడి మెట్లెక్కిన తరువాత ప్రశ్న శాస్త్రాల నుంచి వీధిలోకి వచ్చింది. మనుస్మృతి రెండో అధ్యాయం విధియజ్ఞం కన్నా బయటికి పలికే జపం పది రెట్లు, పెదవులు కదిలీ వినిపించని ఉపాంశు జపం నూరు రెట్లు, మనసులోని జపం వేయి రెట్లు మేలని లెక్క కట్టింది. ధ్వని తగ్గిన కొద్దీ ఫలం పెరిగే ఈ లెక్కకు శివరాత్రి నాటి స్పీకర్ స్తంభం నేరుగా ఎదురు. 2000 ఆగస్టులో మద్రాసులోని ఒక చర్చి విషయమై తీర్పు చెప్తూ సుప్రీంకోర్టు, ఇతరుల ప్రశాంతతను చెడగొట్టి గొంతు పెంచే యంత్రాలతో ప్రార్థన చెయ్యమని ఏ మతమూ చెప్పదన్న భావాన్ని వెల్లడించింది. అదే ఏడు వచ్చిన శబ్దకాలుష్య నియమాలు రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా లౌడ్‌స్పీకర్లను కట్టడి చేసి, నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ల హద్దు పెట్టాయి. వింత ఏమిటంటే, ఆ హోరును పెంచమని గానీ తగ్గించమని గానీ తీగ మీద పోయే ఆజ్ఞ తాను పూర్తిగా నిశ్శబ్దం. పెదవి కూడా కదలదు. మనువు మెచ్చిన మానసజపం రూపంలో మనువు మెచ్చని పని జరుగుతుంది. ఇందులో తప్పు తీగది కాదని, ఎంత ఎత్తాలో చెప్పిన చేతిదని అనడం తేలిక; కానీ ఎదుట లేని చేతికి తాను పెంచిన హోరు వినబడదు, వినబడనివాడికి తగ్గించాలన్న తలపు రావడం కష్టం. దూరపు ఆజ్ఞలో ఉన్న నైతికమైన లోపం ఇది ఒక్కటే, కానీ చిన్నది కాదు.

అందుకే జవాబు కావాలి. ఆస్కీ పట్టికలో ఆరో సంఖ్య అందింది అని, ఇరవై ఒకటోది అందలేదు అని చెప్పడానికే పెట్టినవి. డెనాన్ పద్ధతిలో యంత్రం తన కొత్త స్థితిని అవే మాటల్లో తిరిగి పలుకుతుంది, అదీ సెకనులో అయిదో వంతు లోపల. ఎవరైనా పెట్టె దగ్గరికి పోయి మర చేత్తో తిప్పినా, అడగకుండానే ఆ సంగతి తీగ మీద చెప్తుంది. మరి ఏ జవాబూ రాకపోతే? ఇక్కడ మౌనం రెండు రకాలని గుర్తుంచుకోవాలి. పాత టెలిప్రింటర్ వలయాల్లో కబురు లేనప్పుడు కూడా తీగలో 20 మిల్లీయాంపియర్ల కరెంటు పారుతూనే ఉండేది. తీగ తెగితే ఆ కరెంటు ఆగి, అవతలి యంత్రం పిచ్చిపట్టినట్టు ఊరికే కొట్టుకునేది. అంటే మౌనం వేరు, తెగిపోవడం వేరు, రెండూ స్పష్టంగా తెలిసేవి. ఆర్‌ఎస్-232లో కూడా కబురు లేనప్పుడు తీగ రుణవోల్టేజి దగ్గర నిలిచే ఉంటుంది గానీ, తీగ ఊడిపోయినా అవతలి చిప్పులు సాధారణంగా దాన్ని కూడా మౌనంగానే చదువుతాయి. బతికి ఊరుకున్నవాడూ, లేనివాడూ ఒకేలా కనిపిస్తారు. తేడా తెలియాలంటే పిలిచి చూడాలి, పిలిచి కొంతసేపు ఆగాలి.

లేకపోవడం ఎలా తెలుస్తుందన్నది కుమారిలుడి దారివారైన భాట్టమీమాంసకులు ఒక ప్రమాణంగానే, అంటే తెలుసుకునే సాధనంగానే, లెక్కించిన విషయం; దానికి అనుపలబ్ధి, కనబడకపోవడం, అని పేరు. నేల మీద కుండ లేదని తెలియడం కుండ కనబడకపోవడం వల్లనే. అయితే అన్ని కనబడకపోవడాలూ లేకపోవడాన్ని రుజువు చెయ్యవు. గదిలో పిశాచం కనబడలేదు కాబట్టి లేదనడానికి వీల్లేదు, పిశాచం ఉన్నా కనబడే వస్తువు కాదు. ఉంటే కనబడి తీరాల్సినది కనబడనప్పుడే అది లేదని చెప్పవచ్చు. దాన్ని యోగ్యానుపలబ్ధి అంటారు. ప్రోటోకాల్‌లోని గడువు కాలం సరిగ్గా ఈ యోగ్యతనే సంఖ్యలో కొలుస్తుంది. ఇంత సమయంలో జవాబు వచ్చి తీరాలన్న ఒప్పందం ఉంది కాబట్టి, రాకపోతే ఏదో తెగిందని చెప్పడం న్యాయం. ఒప్పందం లేని చోట అదే మౌనం దేన్నీ రుజువు చెయ్యదు. పదో శతాబ్దపు ఉదయనాచార్యుడు న్యాయకుసుమాంజలి మూడో స్తబకంలో, ఈశ్వరుడు కనబడడు కాబట్టి లేడన్న వాదాన్ని ఈ ఆయుధంతోనే ఎదుర్కొన్నాడు. ఆయన వాదం నిలుస్తుంది గానీ, దాని పదును రెండు వైపులా ఉంది. పిలిస్తే పలకలేదు కాబట్టి దేవుడు లేడన్నవాడు, ఎంతసేపట్లో పలకాలని ఎవరు ఒప్పుకున్నారో చెప్పాలి. మొక్కిన మూడో నాడు జ్వరం తగ్గింది కాబట్టి దేవుడు పలికాడన్నవాడూ అదే చెప్పాలి. ఒకడు గడువును దాటిందంటాడు, ఇంకొకడు గడువులోపే వచ్చిందంటాడు, గడువు రాసిన కాగితం ఇద్దరి దగ్గరా లేదు.

పానగల్ ఛాయా సోమేశ్వరాలయం ఈ తగాదాకు మరో కోణం ఇస్తుంది. మూడు గర్భగుళ్లు ఒకే మండపంలోకి తెరుచుకునే త్రికూటాలయం అది. ఒక గర్భగుడిలో లింగం వెనక గోడ మీద స్తంభం నీడ ఒకటి సూర్యుడు కదిలినా తాను కదలకుండా పగలంతా నిలిచి ఉంటుంది. భౌతికశాస్త్రం తెలిసినవారు చెప్పే వివరణ ప్రకారం, ఎండ నేరుగా అక్కడికి చేరదు. బయట చెదిరిన వెలుగు తెరుపుల గుండా మండపంలోకి వచ్చి, స్తంభాల నీడలు ఒకే చోట కలిసేలా పడుతుంది, ఆ వెలుగు వచ్చే దిక్కు సూర్యుడితో పాటు మారదు కాబట్టి నీడా మారదు. స్తంభాలను నిలిపిన శిల్పుల లెక్క అది. సీరియల్ తీగ దృష్టితో చూస్తే ఇలాంటి నీడ కబురు కాలేదు, మారనిదానిలో చదవడానికి ఏమీ ఉండదు, ఒకటి నుంచి సున్నాకు దిగినప్పుడే అక్షరం మొదలవుతుంది. బసవేశ్వరుడి సంప్రదాయాన్ని తెలుగులోకి తెచ్చిన పాల్కురికి సోమనాథుడి దారివారు స్థావరం కన్నా జంగమానికి, నిలిచినదాని కన్నా కదిలేదానికి, పెద్దపీట వేశారు. వారి కొలతలోనూ ఈ నీడ తక్కువదే అవుతుంది. కానీ పాత టెలిప్రింటర్ వలయంలో కబురు లేని వేళ పారిన ఆ 20 మిల్లీయాంపియర్లు కూడా మారలేదు, అవీ ఏ అక్షరమూ చెప్పలేదు. తీగ తెగలేదని మాత్రం చెప్పాయి. భక్తుడు ఆ గోడ మీద చూసేది బహుశా ఆజ్ఞ కాదు, ఈ రెండో రకం సంగతి. పొద్దు గుంకితే ఆ నీడ చీకట్లో కలిసిపోతుంది. అప్పుడు కలిసిపోయింది మౌనంలోనా, తెగిపోవడంలోనా అన్నది ఆ రాత్రి అక్కడ నిలబడినవాడికి తేలదు. తెల్లవారి వెలుగు మళ్లీ తెరుపుల్లోకి వచ్చేదాకా ఆగాలి, ఆ గడువైనా అక్కడ అందరికీ తెలిసినదే.